“లాస్ నీకొస్తే నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా?”

పోయిన నెల వానల్లో జగిత్యాలలో మన లైన్ మీదున్న రెండు వాడలకు నెట్ దాదాపు రెండు రోజులు పోయింది. ఆ రెండు రోజుల్లో మా కేబుల్, నెట్ ఆఫీసు ఫోన్ మోగని నిమిషం లేదు. అందులో ఒక ఫోన్ ఒక అవ్వది. కొడుకు దుబాయిలో ఉంటాడు, రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియోలో కనిపిస్తేనే ఆమె అన్నం తింటుంది. మా పిల్లగాడు ఫోన్ ఎత్తి, “అవ్వా, మీ లైన్‌కు లాస్ వచ్చింది, పోల్ మీద చూస్తున్నం” అన్నాడు.

“లాస్ వస్తే నీకొచ్చింది, నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? నేను పైసలు కట్టిన్నా, కట్టలేదా?”

ఆఫీసులో అందరం నవ్వాం. ఆమె మాత్రం నవ్వడానికి అడగలేదు. మూడేళ్లుగా మనింటి నెట్ వాడుతున్న మనిషికి, గోడ మీద డబ్బాలో ఎర్రగా వెలిగేది ఏమిటో మేము ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పకపోగా, మాకు జవాబు లేనప్పుడల్లా ఓఎల్‌టీ అని, స్ప్లిటర్ అని, పాన్ అని నాలుగు మాటలు విసిరి ఫోన్ పెట్టేయడం అలవాటైంది. మా వాళ్లను అనను, ఆ అలవాటు నాదే. నాన్న డిష్ పెట్టి కేబుల్ మొదలుపెట్టిన రోజుల్లో “సిగ్నల్ వీక్ ఉంది” అంటే సరిపోయేది. నేను దాన్ని ఇంకొంచెం ఇంగ్లీషు చేశాను, అంతే.

కాబట్టి ముందు ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో దాచకుండా చెబుతాను. మాటలకు అర్థాలు అందులోనే వస్తాయి.

రోడ్డు దాటే చోట మన మెయిన్ కేబుల్ భూమిలోంచి పోతుంది. మురుగు కాలువ పనికి వచ్చిన జేసీబీ దాన్ని తెంపింది. జేసీబీ నడిపిన అన్నను తిట్టి లాభం లేదు. అక్కడ పైపు అడుగున్నర లోతులోనే ఉంది. ఆ రోజు బండరాయి తగిలిందని ఇంకా తవ్వకుండా వేయించింది నేనే. ఆ కేబుల్లో 24 గాజు పోగులు ఉంటాయి, ఫైబర్ అనేది వీటినే. ఒక్కో పోగు తొడుగుతో కలిపి 125 మైక్రాన్లు, అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. రెండు కొనలనూ మెషీన్లో ఎదురెదురుగా పెట్టి, నిప్పురవ్వతో కరిగించి అతకాలి. దీన్నే మా వాళ్లు స్ప్లైసింగ్ అంటారు. వాన చినుకు పడినా, దుమ్ము పడినా అతుకు పాడవుతుంది. మన మెషీన్ రిపేరుకు పోయి ఉంది. కరీంనగర్ నుంచి కిరాయికి తెప్పించేసరికి మొదటి రాత్రి గడిచిపోయింది.

రెండో రాత్రి టార్పాలిన్ కట్టుకుని అతికాం. పోగులకు రంగులు ఉంటాయి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, ఇలా పన్నెండు రంగులు, మళ్లీ పన్నెండు. టార్చి వెలుగులో మేము బూడిద రంగును తెలుపు అనుకున్నాం, తెలుపును బూడిద అనుకున్నాం. ఒక వాడ పోగు రెండో వాడకు పోయింది.

ఇక్కడే ఆ డబ్బా మీది లైట్ల సంగతి చెప్పాలి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దగ్గర ఎర్ర లైటు వెలిగితే మీ ఇంటిదాకా వెలుగే రావట్లేదని అర్థం. లాస్ ఆఫ్ సిగ్నల్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు అవి. మా వాళ్లు కలిపి “లాస్” అంటారు. అంటే అవ్వ అన్నట్టు నష్టం కాదు, సిగ్నల్ పోవడం. పాన్ (PON) అని రాసి ఉన్న పచ్చ లైటు కదలకుండా వెలిగితే ఆఫీసులో ఉన్న మా పెద్ద డబ్బా, అదే ఓఎల్‌టీ, మీ చిన్న డబ్బాను గుర్తు పట్టిందని. అది మిణుకుమిణుకుమంటుంటే, వెలుగు వస్తోంది కానీ గుర్తు పట్టలేదని.

మేము పోగులు తారుమారు చేశాక ఆ రెండు వాడల్లో ఎర్ర లైట్లు ఆరిపోయాయి. అందరికీ “వచ్చేసింది, కొంచెం ఆగండి” అని చెప్పాం. పచ్చ లైటు మాత్రం మిణుకుతూనే ఉంది. పెద్ద డబ్బాలో ఒక్కో వాడకు ఒక్కో పోర్టు, అంటే పోగు పెట్టే రంధ్రం, ఉంటుంది, మీ డబ్బా నంబరు ఆ పోర్టులోనే రాసి ఉంటుంది. వేరే పోర్టు నుంచి వెలుగు వస్తే, చుట్టాలింటికి పోబోయి పక్కింటి తలుపు తట్టినట్టే, లోపలికి రానివ్వదు. ముగ్గురు కస్టమర్లు ఫోన్ చేసి “ఎర్రది పోయింది, పచ్చది కొట్టుకుంటోంది” అని స్పష్టంగా చెప్పారు. మేము వినలేదు. విని ఉంటే పది నిమిషాల్లో తేలేది. పదకొండు గంటలు పోయాయి.

ఆ రెండు వాడల వాళ్లందరికీ గడువు ఐదు రోజులు పొడిగించాం. అడిగిన వాళ్లకే కాదు, అందరికీ. మీ రీచార్జి తేదీ చూసుకోండి, మారకపోతే చెప్పండి.

ఇప్పుడు “మోడెం” గురించి. మన దగ్గర గోడ మీద ఉన్న ప్రతి డబ్బా మోడెమే. నేనూ అలాగే అంటాను. అసలు మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. గాజు పోగులో వచ్చే వెలుగును కరెంటు సంకేతంగా మార్చేది ఓఎన్‌యూ. ఆ సంకేతాన్ని మీ ఇంట్లో టీవీకి, ఫోన్లకు, కంప్యూటర్‌కు పంచేది రౌటర్. గాల్లోకి వదిలేది వైఫై. ఇప్పుడు వస్తున్న డబ్బాల్లో ఈ మూడూ ఒక్కదాంట్లోనే ఉంటున్నాయి కాబట్టి పేరు ఏదైతేనేం అనిపిస్తుంది. కానీ కంప్లైంట్ చెప్పేటప్పుడు తేడా ఉంది. వైఫై గుర్తు నిండా ఉండి నెట్ రాకపోతే అది వైఫై తప్పు కాదు. మీ ఫోన్‌కూ డబ్బాకూ మధ్య అంతా బాగుంది, డబ్బాకూ మాకూ మధ్య తెగింది. “వైఫై ఫుల్లుంది గని నెట్ వస్తలేదు” అని చెబితే చాలు, మా వాడు మీ ఇంట్లోకి కాకుండా సూటిగా పోల్ దగ్గరికి పోతాడు.

ఇక నేను తలదించుకోవాల్సిన విషయం. రెండేళ్ల కింద 100 ఎంబీపీఎస్ (సెకనుకు వంద మెగాబిట్ల స్పీడు) ప్లాన్ తీసుకున్న చాలామందికి సింగిల్ బ్యాండ్ డబ్బాలు పెట్టాను. చవక కాబట్టి. వాటి వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది. ఆ దారిలో గోడలు బాగానే దాటుతుంది, కానీ పక్కిళ్ల వైఫైలు, బ్లూటూత్‌లు, చివరికి మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే దారిలో తిరుగుతాయి. ఫోన్లో కొలిస్తే ముప్పై, నలభై దగ్గర ఆగిపోయేది. మీరు అడిగితే “మీ ఫోన్ పాతది” అన్నాం. కొన్ని ఇళ్లలో ఫోన్ పాతదే, నిజమే. ఎక్కువ ఇళ్లలో డబ్బాదే తప్పు. 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న డ్యూయల్ బ్యాండ్ డబ్బా పెడితే అదే గదిలో 90 దాటుతుంది. గోడ అవతలికి పోయేసరికి అది కూడా తగ్గుతుంది, ముందే చెబుతున్నా. 100, ఆ పైన ప్లాన్ ఉన్న వాళ్లకు ఈ దసరాలోపు డబ్బా మారుస్తాం. పైసా తీసుకోం. అంతకన్నా చిన్న ప్లాన్ వాళ్లకు సింగిల్ బ్యాండే సరిపోతుంది, అనవసరంగా కొనకండి.

ఎంబీపీఎస్ అంటే కూడా చాలామందికి కోపం. “వంద అన్నవ్, సినిమా డౌన్‌లోడ్ పెడితే పన్నెండు చూపిస్తుంది” అని డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఆఫీసుకే వచ్చి గొడవ పెట్టుకున్నాడు. మేము అమ్మేది బిట్లలో, కంప్యూటర్ చూపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. వందను ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. అతనికి వచ్చింది పూర్తి స్పీడే. ప్రపంచమంతా ఇలాగే అమ్ముతారు, నా తెలివి కాదు.

నాది అనాల్సింది ఇంకోటి ఉంది. మా పెద్ద డబ్బా ఒక్కో పోర్టు నుంచి దాదాపు 2,500 ఎంబీపీఎస్ కిందికి పంపుతుంది. ఆ ఒక్క పోగును స్ప్లిటర్లు పెట్టి మొదట ఎనిమిదిగా, తర్వాత ఒక్కోదాన్ని మళ్లీ ఎనిమిదిగా చీలుస్తాం. మొత్తం 64 ఇళ్లు. అందరూ ఒకే క్షణంలో నిండా లాగితే ఒక్కో ఇంటికి దక్కేది 39 మాత్రమే. వంద కాదు. అలా అందరూ ఒకేసారి లాగరు కాబట్టి నడుస్తుంది. ఊళ్లో ఎవరి దగ్గర తీసుకున్నా ఇంటి కనెక్షన్ ఇలా పంచుకునేదే. కాకతీయ కాలువ కింద పొలం ఉన్న వాళ్లకు నేను చెప్పాలా, తూము ఒకటే, మళ్లు ఎన్నో. మేము పై కంపెనీ దగ్గర కొనే బ్యాండ్‌విడ్త్ కూడా 1,900 ఇళ్లకు కలిపి 4 గిగాబిట్లు, అంటే 4,000 ఎంబీపీఎస్. మామూలు రాత్రుల్లో సరిపోతుంది. ఐపీఎల్ ఫైనల్ నాడు సరిపోలేదు, గింగిరాలు తిరిగింది మీరూ చూశారు. వచ్చే సీజన్‌కు ముందు ఇంకో గిగాబిట్ కొంటాను.

చీల్చిన కొద్దీ వెలుగు తగ్గుతుంది. 64 ఇళ్లకు పంచాక ఒక్కో ఇంటికి చేరేది, బయల్దేరిన వెలుగులో నూరోవంతు కన్నా తక్కువ. దాన్ని డీబీఎం అనే లెక్కలో కొలుస్తాం. మైనస్‌లో ఉంటుంది. మన ఇళ్లలో మామూలుగా మైనస్ 19, 20, 21 వస్తుంది, అది మంచిదే. మైనస్ 27 దాటితే డబ్బా తడబడుతుంది. మైనస్ 20 నుంచి 23కు, ఇలా మూడు దిగిందంటే వెలుగు సగమైందని లెక్క. మా వాడు మీ ఇంటికొచ్చి మీటర్ పెట్టినప్పుడు “ఎంత ఉంది?” అని అడగండి. ఇకనుంచి ఆ అంకె డబ్బా పక్కన స్టిక్కర్ మీద తేదీతో రాస్తారు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూస్తే లైన్ పాడవుతోందో లేదో మీకే తెలుస్తుంది.

పాడవడానికి ఎక్కువగా కారణం ఇంట్లోనే ఉంటుంది. బీరువా వెనక పసుపు తీగను మడిచి నొక్కేస్తారు. రాగి తీగ మడిచినా కరెంటు నడుస్తుంది, గాజులో మాత్రం వెలుగు మూల తిరగలేక బయటికి కారిపోతుంది. చుడితే చాయ్ సాసరంత వెడల్పు చుట్టలు చుట్టండి. పీకితే ఆకుపచ్చ పిన్ను కొనను చొక్కాతో తుడవకండి. ఆ కొనలోకి పిల్లల్ని చూడనివ్వకండి, అందులో వచ్చే వెలుగు కంటికి కనపడదు కానీ అది లేజరే. ఇంటి బయట కారణం అంటే కోతులు. వాటి గురించి జగిత్యాలలో ఎవరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

పాత టీవీ కేబుల్ మీదే నెట్ నడుస్తున్న ఇళ్లు ఇంకా 60 దాకా ఉన్నాయి. నల్లటి లావు తీగ, మధ్యలో రాగి కడ్డీ, అదే కోయాక్స్. ఈ ఇళ్లలో ఉన్న డబ్బా ఒక్కటే నిజంగా మోడెం. టీవీ ఛానళ్లు వచ్చే తీగలోనే వేరే ఫ్రీక్వెన్సీల్లో నెట్ వస్తుంది. మీ వైపు నుంచి మాకు పోయే డేటా మాత్రం అడుగున, 65 మెగాహెర్ట్జ్ లోపు ఇరుకు సందులో పోవాలి. వాడలో ఏ ఒక్క ఇంట్లో కనెక్టర్ వదులుగా ఉన్నా, మిక్సీ తిరిగినా, బైకు స్టార్టయినా, ఆ గోలంతా అదే సందులోకి దూరి అందరిదీ చెడగొడుతుంది. ఎవరింటిదో కనిపెట్టడానికి ఒక్కో ఇల్లు పీకి చూడాలి. దీనికి తోడు బజారులో 30 రూపాయలకు దొరికే టీవీ స్ప్లిటర్ కొనుక్కొచ్చి రెండో టీవీకి మీరే పెట్టుకుంటే మోడెంకు వచ్చే సిగ్నల్ సగం అక్కడే పోతుంది. ఆ 60 ఇళ్లకు దీపావళి లోపు ఫైబర్ వేస్తాం, ఇన్‌స్టలేషన్ చార్జీ లేదు. ఆ తర్వాత కోయాక్స్ మీద నెట్ ఆపేస్తాను. కొందరు “మాకు బాగానే వస్తుంది, ముట్టుకోకు” అంటున్నారు. వాళ్లకు బాగానే వస్తోంది, నిజమే. కానీ ఆ లైన్లో సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్లకు స్పేర్లు దొరకట్లేదు, ఒకటి కాలితే వారం ఆగాలి.

ఫోన్ కనెక్షన్ అడుగుతున్న పెద్దవాళ్లు పెరిగారు, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. కొత్త డబ్బాల వెనక టెల్ అని చిన్న రంధ్రం ఉంటుంది. పాత ల్యాండ్‌లైన్ సెట్టు పిన్ను అందులో పడుతుంది, దాన్ని ఆర్‌జే 11 అంటారు. పక్కనే ఉన్న పెద్ద రంధ్రాలు కంప్యూటర్‌కు, టీవీకి తీగ పెట్టే ల్యాన్‌వి, ఆర్‌జే 45. చిన్న పిన్ను పెద్ద రంధ్రంలో కూడా దూరుతుంది, కానీ మోగదు, లోపలి తీగలు వంగిపోతాయి. ఇప్పటికి మూడు డబ్బాలు అలా పోయాయి. ఈ లైన్‌లో మీ గొంతు కూడా నెట్ లాగే ముక్కలై పోతుంది. వినడానికి తేడా తెలియదు, ఒక్క విషయంలో తప్ప. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్చేంజి నుంచే 48 వోల్టుల కరెంటు రాగి తీగలో వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. గాజు పోగులో కరెంటు రాదు. మీ ఇంట్లో కరెంటు పోతే డబ్బా ఆరుతుంది, డబ్బాతో పాటు ఫోన్. ఇన్వర్టర్ ఉంటే డబ్బాను దాని లైన్‌కు మార్పించుకోండి. లేకపోతే 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకోండి, రెండు మూడు గంటలు లాగుతుంది. మా దగ్గరే కొనాలని లేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంట్లో ఇది లేకుండా ఫోన్ కనెక్షన్ ఇవ్వొద్దని మా వాళ్లకు చెప్పాను. రెండోది, పాత రాగి లైన్ నంబరును మన లైన్‌లోకి తేలేం, కొత్త నంబరే వస్తుంది. మూడోది, ల్యాండ్‌లైన్ నుంచి సెల్లుకు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి. 2021 జనవరి 15 నుంచి దేశమంతా అదే రూలు. “ఫోన్ పోతలేదు” అని వచ్చే కంప్లైంట్లలో సగం ఈ సున్నా సంగతే.

దుబాయి కాల్స్ గురించి కూడా ఇక్కడే. అక్కడి ప్రభుత్వం వాట్సాప్‌లో మాట్లాడే కాల్స్‌ను, వీడియో కాల్స్‌ను అడ్డుకుంటుంది. మెసేజి పోతుంది, ఫోటో పోతుంది, కాల్ కలవదు. అది మన నెట్ లోపం కాదు, ప్లాన్ పెంచినా కలవదు. బోటిం లాంటి అక్కడ అనుమతి ఉన్న యాప్‌లో మీ వాళ్లు చేస్తే కలుస్తుంది. దీనికోసం ప్లాన్ పెంచుకున్న ఇళ్లు మూడు నా దృష్టికి వచ్చాయి. అప్పుడు మా వాళ్లు చెప్పకుండా డబ్బు తీసుకున్నారు. ఆ తేడా డబ్బు వచ్చే నెల బిల్లులో తగ్గిస్తాం. నాలుగో ఇల్లు ఉంటే చెప్పండి.

కెమెరాలు పెట్టుకున్న షాపుల వాళ్లు ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తు పట్టే నంబరు, అడుగుతున్నారు. ఉన్న పాత రకం అడ్రసులు మొత్తం 429 కోట్లే, ప్రపంచంలో ఎప్పుడో చాలకుండా అయ్యాయి. అందుకే ఒక అడ్రసును చాలా ఇళ్లకు కలిపి వాడతాం. కెమెరాల రికార్డింగ్ దాచే పాత డీవీఆర్‌ను బయటి నుంచి సూటిగా చూడాలంటే మీ ఒక్కరికే ఉండే స్టాటిక్ ఐపీ కావాలి, దానికి నెలకు వేరే చార్జీ. కొత్త కెమెరాలైతే వాటి యాప్‌లోనే కనిపిస్తాయి, స్టాటిక్ అక్కర్లేదు. ముందు ఏ కెమెరానో చెప్పండి, తర్వాత డబ్బు సంగతి.

బోర్డు మీద 499 అని ఉంటుంది, మీరు కట్టేది 589. మధ్యలోది 18 శాతం జీఎస్టీ. బోర్డు మార్పిస్తున్నాను, 589 అనే ఉంటుంది. “అన్‌లిమిటెడ్” అన్న మాట కూడా తీసేస్తున్నాను. నెలకు 3,300 జీబీ దాటితే స్పీడు 2 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది కాబట్టి. అంత వాడే ఇళ్లు మన దగ్గర నాలుగో ఐదో ఉంటాయి, అయినా మాట మాటే. ఇంకా తగ్గిస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనడానికి లేదు, 2023 నుంచి దేశంలో కనీసం 2 ఉండాలి. అంతకుముందు 512 కేబీపీఎస్, అంటే దాదాపు అర ఎంబీపీఎస్ ఉన్నా బ్రాడ్‌బ్యాండే అనేవారు.

చేయలేకపోతున్నది ఒకటుంది. మెయిన్ కేబుల్ ఒక దారిలో తెగితే రెండో దారిలో తిరిగి రావాలంటే రింగు వేయాలి. దాదాపు మూడు కిలోమీటర్ల కేబుల్, పోల్ కిరాయిలు, జాయింట్లు. డబ్బాల మార్పు, కోయాక్స్ తీసేయడం అయ్యాక కానీ దానికి డబ్బు మిగలదు. సంక్రాంతి తర్వాత మొదలుపెడతాను. అప్పటిదాకా ఇంకో జేసీబీ వస్తే మళ్లీ అదే టార్పాలిన్ కింద కూర్చోవాలి. ఈసారి మెషీన్ మాత్రం మన దగ్గరే ఉంది, రిపేరు అయి వచ్చింది. పెద్ద లైటు కూడా కొన్నాను, రంగులు కనపడటానికి.

లైను వచ్చిన మర్నాడు పొద్దున అవ్వ మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి నేనే ఎత్తాను.

“బిడ్డా, కొడుకైతే కనవడ్డడు గని, ఎర్ర లైటు ఆరిపోయింది. బుగ్గ మాడిపోయినట్టుంది, మనిషిని పంపు.”

అది ఆరి ఉంటేనే మంచిదని ఆమెను నమ్మించడానికి నాకు పది నిమిషాలు పట్టింది. అయినా సాయంత్రం ఒకసారి వచ్చి చూసి పొమ్మంది.